చెవులకు బలమిచ్చే మిల్లు

బెజవాడలో రైసు మిల్లు యజమాని వెంకటకృష్ణారావు గారు తమ కూలీల చెవులను కాపాడదలచినట్లు గవర్నర్‌పేట పెద్దలందరికీ సవినయంగా తెలియజేశారు. స్వరాజ్యం వచ్చి ఏడాది దాటినా కూలీల చెవులకు మాత్రం అది అందలేదని ఆయనకు ఉన్నట్టుండి తట్టింది. ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు వస్తున్నాడన్న కబురు ఆ ముందురోజే చేరడం కేవలం కాకతాళీయం.

ఈ వార్తకు అందరికంటే ఎక్కువ సంబరపడినవాడు బాలశౌరి. ధాన్యం మరపట్టే హల్లరు పక్కన ఏళ్ల తరబడి నిలబడి ఎడమ చెవిని మిల్లుకు సమర్పించుకున్నాడు. దాని గురించి అతనికి పెద్ద బెంగ లేదు. భార్య అమలమ్మ సణుగుడు మొదలుపెట్టగానే ఆ చెవిని అటు తిప్పి హాయిగా అన్నం తినేవాడు. బెంగంతా కుడి చెవి గురించే. ఒళ్లో కూతురు ఊ కొడుతోంది, రేపో మాపో మాటలు వస్తాయి. ఆ పిల్ల నాన్నా అంటే వినాలి. అందుకే తనను హల్లరు దగ్గర నుంచి వడ్లు ఆరబోసే కళ్లంలోకి మార్చమని ఎన్నాళ్లుగానో అడుగుతున్నాడు.

చెవుల పరీక్షకు డాక్టరు సాంబమూర్తి గారిని పిలిపించారు. మిల్లు ఆపితే దేశానికి బియ్యం కరువవుతాయి కనుక, పరీక్ష హల్లరు పక్కనే, ఇంజను నడుస్తుండగానే జరిగింది. డాక్టరు గారు కుర్చీలో కూర్చుని, ఒక్కొక్కరినీ ఎదురుగా నిలబెట్టి, "అన్నం తిన్నావా? మీదే ఊరు?" అని మామూలు గొంతుతో అడిగారు. తాను అడిగింది తనకే వినపడక మధ్యమధ్య గొంతు తడిమి చూసుకున్నారు.

ఆ హోరులో పాత కూలీలు మాటలు వినడం ఎప్పుడో మానేశారు. ఎదుటివాడి పెదాలు చూసి సంగతి పట్టేస్తారు. కనుక అందరూ టకటకా జవాబులు చెప్పారు. పిడుగు పడినా వినపడని మరో పాత కూలీ శౌరయ్యను చూసి, "వీడికి బ్రహ్మచెవుడనుకుంటా" అని డాక్టరు గారు కాంపౌండరుతో గుసగుసలాడితే, "నాకేం చెవుడు లేదండీ" అని అంత దూరం నుంచి శౌరయ్యే సమాధానమిచ్చాడు. బుద్ధిగా జవాబిస్తే మెచ్చుకుని కళ్లంలోకి మారుస్తారని బాలశౌరి కూడా ఒక్కటీ తప్పకుండా చెప్పాడు. వారం కిందట చల్లపల్లి నుంచి వచ్చిన కుర్రాళ్లకు మాత్రం దోమ రెక్క చప్పుడైనా వినపడుతుంది. వాళ్లు ప్రతి ప్రశ్నకూ "ఏంటండీ?" అని, పరీక్ష తప్పారు.

యంత్రఘోష కర్ణేంద్రియములకు ఉత్తమ వ్యాయామమని డాక్టరు గారు ధ్రువీకరించారు. చెవులు బలహీనంగా ఉన్న చల్లపల్లి కుర్రాళ్లను కళ్లంలోకి పంపారు. బలిష్ఠమైన చెవులవాళ్లు హల్లరు దగ్గరే ఉండిపోయారు. ఇన్‌స్పెక్టరు గారు ఇదంతా విని, సెలవులకు తమ చెవిటి మామగారిని తీసుకురావచ్చునా అని అడిగి వెళ్లారు. బట్టల వర్తకుడు మల్లేశ్వరరావు గారైతే ఆగలేక, చెవుడున్న అత్తగారు చౌడేశ్వరమ్మ గారిని ఆ సాయంత్రమే తెచ్చి హల్లరు పక్కన పీట మీద కూర్చోబెట్టారు. ఆవిడ ఊక దులుపుకుంటూ, ఇంత ప్రశాంతమైన చోటు ఊళ్లో ఇంకొకటి లేదన్నారు.

ఉత్తమ కర్ణుడిగా బాలశౌరికి నిండు సభలో శాలువా కప్పారు. రెండు ముక్కలు మాట్లాడమన్నారు. అతను చేతులు జోడించాడు.

"పెదాలు చూసి చెప్పానండీ. ఎడం చెవి ఎప్పుడో పోయిందండీ. కుడిదొక్కటే మిగిలింది. నా పిల్ల మాట వినాలండీ. నన్ను కళ్లంలోకి మార్చండి బాబూ."

కొందరు కండువాలతో కళ్లొత్తుకున్నారు. వెంకటకృష్ణారావు గారు గంభీరంగా లేచారు.

"సోదరులారా, లోపం మనదే. ఇంతకాలం ఇతని ఎడమ చెవికే హల్లరు సేవ దక్కింది. కుడి చెవికి తీరని అన్యాయం జరిగింది. స్వతంత్ర దేశంలో రెండు చెవులూ సమానమే. రేపటి నుంచి బాలశౌరిని హల్లరుకు అవతలి పక్కన నిలబెట్టాలని తీర్మానిస్తున్నాను."

సభ యావత్తూ చేతులెత్తింది. బాలశౌరి ఆ తీర్మానాన్ని కుడి చెవితో అక్షరం పొల్లుపోకుండా విన్నాడు. చేతులెత్తినవారిలో మన తాతగార్లూ ఉన్నారు. వాళ్లందరికీ చెవులు భేషుగ్గా వినపడేవి.