కింది నుంచి పెద్దమనుషులు

కళాభిమాన సంఘం వారు ఒక అజ్ఞాత చిత్రకారుణ్ణి కనిపెట్టినట్లు ప్రకటించారు. అతడు పుట్టినప్పటి నుంచి సంఘం ఆఫీసు వెనక సందులోనే ఉంటున్నాడు కనుక, కనిపెట్టడానికి వారు పడిన శ్రమ సామాన్యమైనది కాదు.

అతనికి నడుము నిలవదు, కాళ్లు కదలవు. కుడిచెయ్యి ఒక్కటే చెప్పిన మాట వింటుంది. వెల్లకిలా పడుకుని, తన ముఖానికి ఎదురుగా అక్క వేలాడదీసే అట్టమీద పెన్సిలుతో బొమ్మలు వేయడం తనంతట తానే నేర్చుకున్నాడు. పలకరించేవాళ్లంతా మంచం మీదికి వంగుతారు. అందుకని అతని బొమ్మల్లో మనిషంటే ముందు గడ్డం, తరువాత రెండు బ్రహ్మాండమైన ముక్కురంధ్రాలు, ఎక్కడో దూరాన కళ్లు. అధ్యక్షులవారు తమ బొమ్మ చూసుకుని మొదట కంగుతిన్నారు. ఎవరో విమర్శకుడు దాన్ని నూతన దృక్కోణం అన్నాక ఆ ముక్కు తమదేనని సగర్వంగా ఒప్పుకున్నారు.

మేడమీది హాల్లో ప్రదర్శన పెట్టారు. చిత్రకారుడు తన బొమ్మను మూరెడు దూరం దాటి ఎన్నడూ చూసుకోలేదు.

"ఒక్కసారి దూరం నుంచి చూడాలక్కా. అసలు ఎలా ఉంటాయో ఏమో," అన్నాడు. అక్క ఉతికిన దుప్పటి పరిచింది.

సంఘం ఏ లోటూ రానివ్వలేదు. బొమ్మలన్నీ పైకప్పుకు అంటించింది. కళాకారుడి అవస్థ ప్రేక్షకులకు అనుభవంలోకి రావాలని అద్దె మంచాలు తెప్పించి హాలు నిండా వేయించింది. అతని మంచాన్ని మాత్రం మెట్ల దగ్గర దింపించి, మెట్లు ఇరుకైనందుకు ఏకగ్రీవంగా విచారం తెలిపింది.

"అన్ని మంచాలు ఎక్కాయి కదండీ, మా తమ్ముడి మంచం ఎందుకెక్కదు?" అంది అక్క.

"అవి ఖాళీ మంచాలమ్మా," అన్నారు కార్యదర్శి ఓపిగ్గా.

"పోనీ వాణ్ణి ఎత్తుకెళ్లి అందులో ఒకదానిమీద పడుకోబెట్టండి."

"అన్నీ రిజర్వయిపోయాయే! ముందే చెప్పాల్సింది."

పైన అధ్యక్షులు పడుకునే ప్రసంగించారు. "సోదర సోదరీమణులారా! ఈ క్షణాన మనమంతా అతడే! అతడు మన మధ్యనే ఉన్నాడు!"

చప్పట్లు మెట్ల కిందికి బాగానే వినిపించాయి. అతనికి ఏడుపొచ్చింది. కంట్లో పెన్సిలు పొడి పడిందని అక్కతో అన్నాడు.

కాసేపటికి ప్రేక్షకులు దిగివచ్చారు. కొందరు కళ్లు తుడుచుకుంటున్నారు, కొందరికి మంచి నిద్ర పట్టినట్టుంది. అతని బాధ తమకు పూర్తిగా అర్థమైందని చెప్పడానికి ఒకరి తరువాత ఒకరు మంచం మీదికి వంగారు. అతడు అక్కచేత అట్ట కట్టించుకుని, పని మొదలుపెట్టాడు.

ఆ బొమ్మ ఇప్పుడు హాలు పైకప్పు మధ్యలో ఉంది. వేసినవాడు ఇంకా దూరం నుంచి చూడలేదు. మీరైనా వెళ్లి, తీరిగ్గా పడుకుని చూడండి. అందులో మీరూ ఉన్నారు. ముక్కును బట్టి గుర్తుపట్టవచ్చు.