టీ రంగు బకెట్టు

ఆ ఉదయం పథకం చాలా తేలికైనది. కొత్త కోడలు స్నానం చేసి వచ్చేలోగా ఆమె పరీక్షకు తీసుకెళ్లే బకెట్టును తళతళలాడించి కారులో పెట్టేయాలని భర్త అనుకున్నాడు. పెళ్లయిన నెలకే భార్య తన పరిశోధనను ఫ్యాక్టరీ పెద్దల ముందు పెట్టబోతోందంటే అతనికి కాళ్లు నేల మీద నిలవడం లేదు.

తీరా చూస్తే బాల్కనీలోని ఆ జింకు పూత బకెట్టు గోధుమరంగులో ఉంది. తుప్పు పట్టేసిందనుకుని పీచు అందుకున్నాడు. అది ఓ పట్టాన వదల్లేదు. అమ్మను పిలిచాడు. ఆవిడ నిమ్మచెక్క తెచ్చి, కొడుక్కి చిన్నప్పటి నుంచీ ఒక్క గిన్నె తోమడం రాలేదని గుర్తుచేసి, తానూ ఓ చెయ్యి వేసింది. నాన్న బకెట్టును మోకాళ్ల మధ్య బిగించి పట్టుకున్నాడు. ముగ్గురూ చెమటలు కక్కితే అరచేతి వెడల్పున మెరుపు తేలింది.

తడి జుట్టుతో వచ్చిన కోడలు గుమ్మంలోనే ఆగిపోయింది.

"అది తుప్పు కాదండీ. తుప్పు రాకుండా నేను వేసిన పూత."

వాడేసిన టీ పొడి నుంచి తీసిన కషాయంతో వేసిన పూత అది. ఫ్యాక్టరీలో ఇన్నాళ్లూ దీనికి వాడుతున్న క్రోమియం మందు విషం. ఆ మందు తొట్టి దగ్గర పనిచేసేవాళ్ల చేతులు పుండ్లు పడుతున్నాయి. ఈ బకెట్టు నెగ్గితే తొట్టి మూసేస్తారు. మళ్లీ పూత వేద్దామంటే రాత్రంతా నానాలి.

అత్తగారు వెళ్లి పూత కోసం స్టవ్ మీద టీ పెట్టేసింది. మావగారు బూటు పాలిష్ డబ్బాతో వచ్చారు.

"రంగు అచ్చం ఇదేనమ్మా. ఎవరికీ తెలీదు."

"మావయ్యగారూ, ముందు ఆ డబ్బా లోపల పెట్టేయండి."

చేసిన తప్పు ఒప్పుకోవడానికి ముగ్గురూ కారెక్కారు. ఆమె వద్దన్నా దిగలేదు.

ఫ్యాక్టరీలో బకెట్టును ఉప్పునీటి తుంపర కొట్టే పెట్టెలో ఉంచారు. సాయంత్రం తలుపు తీస్తే, తోమిన చోట పిండి చల్లినట్టు తెల్ల తుప్పు. దాని చుట్టూ టీ రంగు మాత్రం చెక్కుచెదరలేదు.

పెద్ద మేనేజరు కళ్లజోడు సవరించుకుని వంగి చూశాడు.

"పూత ఉన్నదీ లేనిదీ ఒకే బకెట్టు మీద చూపించాలని ఎవరికి తట్టిందమ్మా?"

కోడలు వెనక్కి తిరిగి, గోడకు అంటుకుపోయి నిలబడ్డ ముగ్గురినీ చూసింది. ఆమెకు ఒక్కసారిగా నవ్వూ గర్వమూ కలిసి వచ్చాయి.

"మా ఇంట్లోవాళ్లకండీ. పూత ఎంత గట్టిగా పట్టిందో కూడా వాళ్లే పరీక్షించారు."

అత్తగారు ఎర్రబడ్డ అరచేతులు సాక్ష్యంగా చాపింది. తొట్టి మూసేయమని మేనేజరు అక్కడికక్కడే చెప్పాడు.

భర్త తోముడులోని సత్తా అంత పెద్దవాళ్ల ముందు రుజువైంది కాబట్టి, ఆ రోజు నుంచి ఇంట్లో అంట్లన్నీ అతని వంతయ్యాయి.