మిక్చర్ తగ్గించకు తల్లీ

ఆ ఉదయం రాంబాబు, అతని భార్య రాజ్యశ్రీ పెట్టుకున్న పని ఒక్కటే. జగ్గయ్యపేట నుంచి నందిగామ వెళ్ళి, బసవమ్మ పిన్ని కొత్తింటి గృహప్రవేశంలో భోంచేసి రావడం. డ్రైవర్ నాసర్ కారు తెచ్చి గుమ్మం ముందు ఆపాడు. సరిగ్గా అప్పుడే కూతురు సింధూర ఫోన్ చేసింది. విమానం నడపడం నేర్చుకుంటున్న ఆ పిల్ల ఆవేళ మొదటిసారి ఒక్కతే వేరే ఊరికి ఎగరాలి.

"పైకెళ్ళాక ఏం చేస్తావమ్మా?" అని అడిగాడు రాంబాబు.

"మిక్చర్ తగ్గిస్తా నాన్నా. అంటే ఇంజిన్‌కెళ్ళే పెట్రోలు. వణికేదాకా తగ్గించి, ఆ తర్వాత..."

లైను కట్టయింది. మళ్ళీ కలవలేదు.

నాసర్ పదేళ్ళు మోటారుసైకిళ్ళు బాగుచేసినవాడు. "బండి వణికిందంటే పెట్రోలు చాలట్లేదనే సార్. ఇంకాస్త తగ్గితే ఆగిపోద్ది. రోడ్డు మీదైతే దిగి తోసుకుంటాం గానీ..." అని, రాజ్యశ్రీ మొహం చూసి నోరు మూసుకున్నాడు.

రాంబాబు వాయిస్ మెసేజ్ పెట్టాడు. "మిక్చర్ తగ్గించకు తల్లీ. నా మీద ఒట్టు!"

సింధూర విన్నట్టు ఫోన్‌లో టిక్కులు పడ్డాయి. జవాబు రాలేదు.

కారు చిల్లకల్లు ఊరు దాటాక రాజ్యశ్రీ బసవమ్మకి ఫోన్ చేసింది. "కొంచెం లేటవుద్ది అత్తయ్యా. సింధూర మిక్చర్ తగ్గిస్తుందంట, వణుకొస్తుందంట..." ఏడుపుతో మాట పూర్తి కాలేదు.

"తిండి తగ్గిస్తే వణుకు రాదుటే! మిక్చరే కాక అన్నం కూడా మానేసిందా?"

రాజ్యశ్రీ వెక్కిళ్ళను బసవమ్మ అవుననే అర్థం చేసుకుంది. వీళ్ళు నందిగామ చేరేసరికి, తిండిలేక పిల్ల ఆకాశంలో కళ్ళు తిరిగి పడిపోయిందన్న వార్త పందిరంతా పాకింది. పురోహితుడు మంత్రాలు ఆపేశాడు. బసవమ్మ ఎదురొచ్చి రాంబాబుని కావలించుకుంది.

"ఎక్కడ పడిందిరా?"

"పడిందా?" అంటూ రాంబాబు గుమ్మంలోనే కూలబడ్డాడు. తనకంటే ముందు వీళ్ళకి కబురందిందనుకున్నాడు.

ఫోన్ మోగింది. సింధూర! రాజ్యశ్రీ స్పీకర్ పెట్టింది.

"ఎక్కడున్నావమ్మా?"

"నేల మీదే. అసలు లేస్తేగా!" ఆ గొంతులో కోపంతోపాటు ఏడుపూ ఉంది. "నేల మీద నడిపేటప్పుడు కూడా మిక్చర్ తగ్గించాలి నాన్నా. నీ మెసేజ్ విన్నాక చెయ్యి రాలేదు. పెట్రోలు ఎక్కువై ప్లగ్గులకి మసి పట్టింది. ఇంజిన్ దడదడలాడితే సార్ వెనక్కి రమ్మన్నారు."

"మరి పైన వణుకుతుందన్నావుగా?"

"వణికితే మళ్ళీ కాస్త పెంచుతాం. పైన గాలి పల్చన. పెట్రోలూ దానికి తగ్గట్టే ఉండాలి. ఇప్పుడు ప్లగ్గులు బాగయ్యాయి, బయల్దేరమన్నారు. నువ్వు ఒట్టు తీసేస్తేనే వెళ్తా."

రాంబాబు గుమ్మంలోంచి లేచి నిలబడ్డాడు.

"తగ్గించు తల్లీ" అన్నాడు చివరికి.

మధ్యాహ్నం దాకా అతను పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. పన్నెండున్నరకి "దిగా నాన్నా" అని మెసేజ్ వచ్చింది. బసవమ్మ అందరినీ పంక్తిలో కూర్చోబెట్టింది.

వెళ్ళిన పిల్ల వెనక్కి రావడానికీ ఎగరాలన్న సంగతి రాంబాబుకి పప్పు కలుపుకుంటుండగా తట్టింది.