రెండు గీతల అభిప్రాయం

ఆ రోజు పొద్దున చక్రం బాబాయి వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడున్నరకల్లా కార్ఖానాకు చేరాలి, హాజరు పట్టీలో మొదటి సంతకం పెట్టాలి, పక్కనే మేకుకు వేలాడుతున్న అభిప్రాయాల కాగితం మీద నాలుగు ముక్కలు గిలికెయ్యాలి, తర్వాత తన కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని ఓ మీటరు విప్పుకోవాలి. పదవీ విరమణకు ఇంకా ఏడు నెలలున్నాయి. ఆ ఏడు నెలలూ ఆ బల్ల దగ్గరే గడిచిపోతే ఈ జన్మకు వేరే కోరికే లేదని ఇంట్లో రోజూ అనేవాడు. "అయితే కూరలో ఉప్పు సరిపోవాలన్నది కోరిక కాదన్నమాట," అనేది వాళ్ళావిడ. ఆయన్ని ఊరంతా బాబాయి అంటుంది కాబట్టి ఆవిడ ఊరందరికీ పిన్ని.

అది కరెంటు మీటర్లు బాగుచేసే కార్ఖానా. మీటరంటే ఇప్పటి అంకెలు మెరిసే డబ్బా కాదు. గాజు వెనక పల్చటి అల్యూమినియం చక్రం, దాని అంచున ఒక నల్లమచ్చ, ఆ మచ్చ వెళ్ళి మళ్ళీ వచ్చే పాత మీటరు. చక్రం వేగం చూసి ఇంట్లో సంగతులు చెప్పేవాడు బాబాయి. "లోపల ఇస్త్రీ చేస్తున్నారు," అనేవాడు. "చుట్టాలొచ్చారు, ఇప్పట్లో వెళ్ళేలా లేరు," అనేవాడు. ఒకప్పుడు అక్కడ ఎనభై మంది ఇదే పని చేసేవారు. ఇప్పుడు ఊడ్చే ఆవిడతో సహా నలభై మూడు మంది మిగిలారు. మీటర్లు విప్పే మిగతావాళ్ళంతా అంకెల డబ్బాలే చూస్తారు, పాత చక్రాలు ఎక్కడైనా ఇంకా వస్తే అవి బాబాయి బల్ల మీదికి వస్తాయి.

ఎనభై మంది ఉన్న రోజుల్లో గంట మోగగానే అందరూ ఒక్కసారి లోపలికి వచ్చేవారు. హాజరు పట్టీ దగ్గర తొక్కిసలాట. అది చూడలేక అప్పటి ఫోర్‌మన్ ఒక పద్ధతి పెట్టాడు. మొదట వచ్చినవాడు తేదీ, టైము, "హాజరు" అని పూర్తిగా రాయాలి. మిగతావాళ్ళు తమ వరుసలో రెండు చిన్న గీతలు గీసి లోపలికి పోవాలి. అంటే పైన రాసిందే నాకూ అని. ఫోర్‌మన్ పోయాడు, గంట పోయింది, ఆ రెండు గీతలు మాత్రం నిలిచాయి. కొత్తగా చేరినవాళ్ళకు పని కంటే ముందు అవే అలవాటయ్యేవి. పెన్సిలు ముట్టుకుంటే చాలు, చెయ్యి దానంతటదే రెండు గీతలు గీసేది.

పెద్దాఫీసువాళ్ళు ఉద్యోగుల అభిప్రాయాలు అడిగారు. జీతాల మీద, దేశ ఆర్థిక పరిస్థితి మీద, సాంకేతికత మీద, ఇంధన పొదుపు మీద. మనిషికో కాగితం ఇమ్మన్నారు. ఆఫీసు గుమాస్తా పొదుపు గల మనిషి, నలభై మూడు కాగితాలు దండగని ఒకే పెద్ద కాగితం మీద నలభై మూడు వరుసలు గీసి, హాజరు పట్టీ పక్కన దారం కట్టిన పెన్సిలుతో సహా వేలాడదీశాడు.

"ఏం రాయమంటావోయ్?" అడిగాడు బాబాయి.

"మనసులో ఉన్నది రాయండి బాబాయ్. ఎవరు చదువుతారు గనక!"

ఎవరూ చదవరు అన్నాక మనిషికి నిజం రాయడానికి ధైర్యం వస్తుంది. బాబాయి నిలబడే రాశాడు. జీతం: "ఉన్నది చాలు. పెంచితే మా ఆవిడ కొత్త సోఫా కొంటుంది. నాకు పాతదాని మీదే నిద్ర పడుతుంది." ఆర్థిక పరిస్థితి: "బాగాలేదు. మా వీధి చివర కొట్టువాడు కొసరు వెయ్యడం మానేశాడు." సాంకేతికత: "కంప్యూటరు చూస్తే కళ్ళు లాగుతాయి. నాకు కిటికీ పక్క బల్ల కావాలి." ఇంధన పొదుపు: "మా ఆవిడ మనుషులు లేని గదిలో ఫ్యాను ఆపదు. ముప్ఫై ఏళ్ళుగా చెబుతున్నాను." మనసు తేలికైంది. వెళ్ళి బల్ల దగ్గర కూర్చున్నాడు.

ఆయన తర్వాత నలభై రెండు మంది వచ్చారు. హాజరు పట్టీలో రెండు గీతలు గీశారు, అదే ఊపులో పక్క కాగితం మీద కూడా నాలుగు గళ్ళల్లోనూ గీసేసి పనిలోకి పోయారు.

సాయంత్రం గుమాస్తా దాన్ని కంప్యూటరులోకి ఎక్కించబోయాడు. అది గీతలు ఒప్పుకోలేదు, మాటలు కావాలంది. బాబాయి రాసిన పై వరుస టైపు చేసి, దాన్ని పట్టుకుని కిందిదాకా లాగితే నలభై మూడు వరుసలూ చిటికెలో నిండాయి. కంప్యూటరు మీద గుమాస్తాకు గౌరవం కలిగింది ఆ రోజే.

పదిహేను రోజులకు పెద్దాఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. ఇంత ఏకాభిప్రాయం ఏ కార్ఖానాలోనూ చూడలేదని మెచ్చుకుంటూ మొదలుపెట్టారు. ఉద్యోగులే వద్దన్నారు కాబట్టి ఈ ఏటి జీతాల పెంపు ఆపారు. అందరూ ఒకే కొట్టులో నష్టపోతున్నట్టు తేలినందున ముగ్గురితో ఒక కమిటీ వేశారు. కిటికీ ఒక్కటే ఉంది, కోరేవాళ్ళు నలభై మూడు మంది, కాబట్టి ఆ బల్ల దగ్గర రోజుకొకరు వంతులవారీగా కూర్చోవాలి. ఇక, మనుషులు లేని గదుల్లో ఫ్యాన్లు తిప్పుతున్న నలభై మూడు మంది భార్యలకు వచ్చే శనివారం శిక్షణ తరగతి, స్వయంగా ఆఫీసరుగారే వస్తారు.

"జీతం వద్దని నేనెప్పుడన్నాను?" అని గుమాస్తా మీద విరుచుకుపడ్డాడు లేతు మిషను మేస్త్రి.

"రెండు గీతలు గీశావుగా!"

"అది వచ్చానని గీసిన గీత!"

"కాగితం మీద అలా లేదు. సోఫా వద్దన్నట్టుంది."

మీటర్లు పరీక్షించే బల్ల దగ్గర పనిచేసే అమ్మాయి ఉత్తరం రెండుసార్లు చదివింది. "గుమాస్తా గారూ, నాకింకా పెళ్ళే కాలేదు. అప్పుడే నా భార్య ఫ్యాను ఆపట్లేదా?"

"శనివారం లోపు ఎవరో ఒకర్ని తీసుకురా తల్లీ. పేరుకు ఎదురుగా సంతకం కావాలి."

గుమాస్తాకు తప్పు ఒప్పుకునే ఉద్దేశం లేదు, ఒప్పుకుంటే తన మెడకు చుట్టుకుంటుంది. అందరి చూపులూ తిరిగి తిరిగి మొదటి వరుస రాసిన మనిషి మీద వాలాయి. బాబాయి నాలుక కరుచుకున్నాడు. తన గోడు తాను చెప్పుకుంటే ఊరందరి నోటి దగ్గర కూడు పోయింది. "నేను నాకోసం రాసుకున్నానర్రా," అన్నాడు. మధ్యాహ్నం టీకి ఆయన్ని ఎవరూ పిలవలేదు.

మర్నాటి నుంచి వంతులు మొదలయ్యాయి. పేర్ల వరస ప్రకారం బాబాయి వంతు ముప్ఫై తొమ్మిదో రోజు. మొదటి రోజు మేస్త్రి కూర్చుని, కిటికీ దుమ్ముకు సాయంత్రం దాకా తుమ్మి, కిటికీ మూసేశాడు. బాబాయికి మూలన కంప్యూటరు ముందు కుర్చీ ఇచ్చారు. ఆయన దాని ముందు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఉదయం పదింటికి ఆ బల్ల మీద ఎండ ఒక పలకంత పడుతుంది, ఆ ఎండలో చక్రం పెట్టి ఊదితే తూకం తెలుస్తుంది. ఈ చెయ్యి ఎన్ని వేల చక్రాలను అలా ఊదిందో! మూసిన కిటికీ వైపే చూశాడు. కళ్ళు లాగుతున్నాయని చెప్పి తుడుచుకున్నాడు.

ఈలోగా కమిటీ వీధి చివర కొట్టుకు వెళ్ళింది. నోటు పుస్తకాలతో ముగ్గురు వచ్చి నిలబడేసరికి కొట్టువాడు పన్నులవాళ్ళనుకుని షట్టరు దించేశాడు. రోజులు గడిచినా ఎత్తలేదు. బాబాయి ఇంట్లో పంచదార అయిపోయింది.

"ఎవరో మీ ఆఫీసువాళ్ళేనటండీ. పాపం, ఆ కొట్టతను జ్వరం తెచ్చుకున్నాడు. అసలేం జరుగుతోంది అక్కడ?" అంది పిన్ని చప్పటి టీ ఇస్తూ.

బాబాయి టీ ఊదుకున్నాడు. "ఏదో ఆర్థిక పరిస్థితిలే."

"శనివారం భార్యలకు క్లాసట కదా?"

"నువ్వెందుకే, ఎండలో! నీకు తెలియనిదేముంది?"

"వస్తాను. పంచదార సంగతి తేల్చుకోవాలి," అంది పిన్ని. ఆవిడ తేల్చుకోవాలనుకుంటే తేలాల్సిందే.

శనివారం మధ్యాహ్నం పెద్ద గదిలో కుర్చీలు వేశారు. భార్యలు వచ్చారు. ఊడ్చే ఆవిడ తన మొగుణ్ణి తీసుకొచ్చి ముందు వరుసలో కూలేసింది. పరీక్షల అమ్మాయి పక్కన వాళ్ళమ్మ కూర్చుని, "దీనికి భార్య దొరికేదాకా నేనేనండీ," అని గుమాస్తాకు సంతకం పెట్టింది. ఆఫీసరు చిన్నవాడు, పద్ధతి గలవాడు. నమస్కారం పెట్టి, ఎంతో బాధతో మొదలుపెట్టాడు.

"అమ్మా, ఈ ఊళ్ళో నలభై మూడు ఇళ్ళల్లో ముప్ఫై ఏళ్ళుగా..."

"ఎవరన్నారు బాబూ?" అంటూ పిన్ని లేచింది.

ఆయన కాగితం తీసి మొదటి వరుస మొత్తం చదివాడు. సోఫా మాటకు వెనక వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు. కొట్టువాడి మాట వచ్చేసరికి, పంచదార ఎందుకు దొరకలేదో పిన్నికి అర్థమైంది. ఫ్యాను దగ్గరికి వచ్చేసరికి ఆవిడ తల తిప్పి బాబాయి వైపు చూసింది. ఆ చూపుకు బాబాయి కుర్చీలో సగం అయిపోయాడు.

"ఆపను బాబూ," అంది ఆఫీసరుతో. "తెలిసే ఆపను. మా ఇంటి గుమ్మంలో పాత మీటరుంది. మా పెళ్ళైన కొత్తలో ఈయన తన చేత్తో బాగుచేసిన మొట్టమొదటి మీటరు. సాయంత్రం ఇంటికి రాగానే చెప్పులు విప్పక ముందు దాని ముందు నిలబడతాడు. చక్రం తిరుగుతుంటే 'ఆహా' అనుకుని, ఏదో కూనిరాగం తీస్తూ లోపలికొస్తాడు. ఓ రోజు అన్నీ ఆపేసి ఉంచాను. చక్రం ఆగి ఉంది. 'పాడైందేమోనే' అన్నాడు. అన్నం సయించలేదు, పడుకునేదాకా అదే బెంగ. ఆ మర్నాటి నుంచి ఈయనొచ్చే వేళకు మధ్య గదిలో ఫ్యాను వేసి ఉంచుతున్నాను. ముందు ఫ్యాను ఆపలేదని నన్ను తిడతాడు, తర్వాత కడుపునిండా తింటాడు. నాకు అది చాలు."

ముప్ఫై ఏళ్ళు ఊళ్ళో ప్రతి ఇంటి సంగతీ చక్రం చూసి చెప్పిన మనిషికి తన ఇంటి సంగతి తెలియలేదు. "ముందే చెప్పొచ్చుగదే," అన్నాడు.

"చెబితే మీరే ఆపేసేవారు," అంది పిన్ని కూర్చుంటూ. "సోఫా సంగతి ఇంటికెళ్ళాక."

అప్పుడు లేతు మేస్త్రి లేచి గీతల సంగతంతా చెప్పేశాడు. గుమాస్తా తల పట్టుకున్నాడు. ఆఫీసరు గీతలున్న అసలు కాగితం తెప్పించి, వెలుగుకు పెట్టి చాలాసేపు చూశాడు. తర్వాత ఉద్యోగులకు మనిషికో నాలుగు గళ్ళ కాగితం పంచి, ఎవరికి వాళ్ళు మాటల్లో రాయాలనీ, గీత కనిపిస్తే చించేస్తాననీ చెప్పాడు.

అరగంట రాశారు. ఆఫీసరు ఒక్కొక్కటే చదివాడు. జీతాలు పెంచాలన్నారు, ఎంతన్నది మాత్రం ఒకరికొకరికి పొంతన లేదు. ఆర్థిక పరిస్థితి మీద నలభై మూడు రకాలుగా తిట్టారు. సాంకేతికత దగ్గరికి వచ్చేసరికి ఆయన కనుబొమలు ముడిపడ్డాయి. కాగితాలు ముందుకీ వెనక్కీ తిప్పాడు.

"ఇదేంటండీ, మళ్ళీ ఒకటే రాశారు! గీతలు వద్దన్నానుగా?"

"గీతలు కావు సార్, చూడండి," అంది పరీక్షల అమ్మాయి.

నిజమే, మాటలే. వంకర రాతలో, గుండ్రటి రాతలో, ఊడ్చే ఆవిడ మొగుడి చేత రాయించిన రాతలో, ఎవరి మాటల్లో వాళ్ళు రాశారు. కిటికీ పక్క బల్ల బాబాయిది, ఆయన దిగిపోయేదాకా ఇంకెవరూ కూర్చోకూడదు. మేస్త్రి అదనంగా, "ఆ దుమ్ము ఆయనొక్కడికే పడుతుంది" అని చేర్చాడు. బాబాయి కాగితంలో మాత్రం ఆ గడి ఖాళీగా ఉంది. అడగడానికి మొహం చెల్లక వదిలేశాడు.

సోమవారం పదింటికి కిటికీ తెరిచారు. బల్ల మీద పలకంత ఎండ పడింది. బాబాయి ఒక చక్రాన్ని అందులో పెట్టి ఊదాడు, నల్లమచ్చ వెళ్ళి మళ్ళీ వచ్చింది. టీ వేళకు పిలుపూ వచ్చింది. ఆ ఏడాది జీతాలు పెరిగాయి, కొట్టువాడు షట్టరు ఎత్తాడు, ఇంట్లోకి కొత్త సోఫా వచ్చింది. బాబాయి ఇప్పుడు కింద చాప మీద పడుకుంటున్నాడు.

ఇంధన పొదుపు గడిలో మాత్రం ఆయన రెండోసారి కూడా పాత మాటే రాసి, చివర "ఆపనక్కర్లేదు" అని చేర్చాడు. అది ఫిర్యాదో సలహానో తేలక పెద్దాఫీసువాళ్ళు దానికోసం ఒక కమిటీ వేశారు.