పదకొండు మంది మీద మూడు నిమిషాలు

ఆ గురువారం ఉదయం గడ్డం గీసుకుంటూ అతను వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ఎనిమిదిన్నరకల్లా ఆఫీసుకు చేరాలి. మేనేజర్ మొదటి కప్పు టీ తాగి, ఇంకా మొదటి ఫిర్యాదు వినని ఆ పది నిమిషాల్లో లోపలికి వెళ్ళి, శనివారం మధ్యాహ్నం సెలవు అడగాలి. అంతే.

శనివారం పచ్చ చొక్కాల ఆఖరి మ్యాచ్. పచ్చ చొక్కాలంటే ఆ ఊరి ఫుట్‌బాల్ జట్టు. వరసగా ఏడు మ్యాచ్‌లు ఓడి పట్టికలో అడుగున కూర్చుంది. ఇది కూడా ఓడితే కింది లీగుకు దిగిపోతుంది. ఊళ్ళో సగం మంది ఆ జట్టు పేరెత్తడం మానేశారు. మిగిలినవాళ్ళు పక్క ఊరి జట్టు చొక్కాలు కొనుక్కున్నారు. అతను మాత్రం ఇరవై రెండేళ్ళుగా అదే సీట్లో కూర్చుని అదే జట్టును తిడుతున్నాడు. తిట్టడం వేరు, వదిలేయడం వేరు అని అతని వాదన.

"ఓడిపోతారని తెలిసి కూడా వెళ్ళడమెందుకండీ?" అని భార్య అడిగింది.

"ఓడేటప్పుడు చూసేవాడొకడు ఉండాలి కదా. లేకపోతే వాళ్ళకి సిగ్గెక్కడ్నించి వస్తుంది?"

ఆమె వంటింట్లోకి వెళ్ళిపోయింది. పెళ్ళైన కొత్తలో ఈ విషయం మీద ఒకటి రెండు సార్లు మాట్లాడి చూసింది.

అతను పనిచేసేది లిఫ్టులు రిపేరు చేసే కంపెనీలో. ఏ భవనంలో లిఫ్టు ఆగిందో ఫోనులో విని, ఏ మెకానిక్ ఎక్కడికి పోవాలో తేల్చడం అతని పని. తేల్చాక మాట మార్చడు. అందుకే ఆఫీసులో అందరూ అతన్ని రెఫరీ అంటారు.

బూట్లు వేసుకుంటుండగా ఫోను మోగింది. బావమరిది మెసేజ్: "బావా, నిన్నటి ఆట చూశావా? ఏమంటావు?" ఏమంటావు అని అడిగాక రెఫరీ ఊరుకోవడం జరగని పని. ఒక చేత్తో బూటు లేసు లాగుతూ, రెండో చేత్తో ఫోను తెరిచాడు. సరిగ్గా ఆ క్షణాన ఆఫీసు గ్రూపులో ఎవరో 'శుభోదయం' అని పెట్టారు. బావమరిది పేరు ఒక మెట్టు కిందికి జరిగింది. రెఫరీ వేలు జరగలేదు. మైకు గుర్తు నొక్కిపట్టి మూడు నిమిషాల పన్నెండు సెకన్లు మాట్లాడాడు. బావమరిదికి ఆట గురించి, ఆటగాళ్ళ గురించి విడమర్చి చెప్పక్కర్లేదు కాబట్టి నేరుగా విషయంలోకి దిగాడు.

"ఇంకా ఏమనాలి? కాపలా ఉన్నవాడు నిలబడి నిద్రపోతున్నాడు. ఎవడు పడితే వాడు తిన్నగా లోపలికొచ్చి పని చూసుకుని పోతున్నాడు. ఎడమ పక్క కుర్రాడు పెళ్ళయ్యాక పరిగెత్తడం మర్చిపోయాడు. వాడు నింపాదిగా నడిచొచ్చేసరికి అక్కడ అంతా అయిపోతోంది. మధ్యలో ఉన్న ఇద్దరూ ఒకళ్ళ మీదికి ఒకళ్ళు తోసుకోవడమే గాని, ముందుకు పంపిన పాపాన పోలేదు. కొత్తగా తెచ్చారే, వాడు జుట్టు సర్దుకోవడానికే వచ్చాడు. చేతికందిన అవకాశాన్ని ఆకాశంలోకి పంపేస్తాడు. అసలు తప్పంతా ముసలాయనది. పక్కన నిలబడి నమలడం, గడియారం చూసుకోవడం తప్ప ఏం చేస్తున్నాడు? తొమ్మిదేళ్ళ కిందటి పద్ధతి. ఎవర్ని ఎక్కడ పెట్టాలో తెలీదు. ఆయన్ని ఇంటికి పంపిస్తే తప్ప మనం పైకి రాం. నేనీ మాట ఎవరి ముందైనా అంటాను."

మిగతా రెండు నిమిషాలూ ఇదే సంగతి ఇంకాస్త గట్టిగా చెప్పాడు. తరవాత ఫోను జేబులో వేసుకుని, మనసు తేలికపడి, బస్సెక్కాడు.

ఆఫీసు గేటు దగ్గర వాచ్‌మన్ లేచి నిలబడ్డాడు. రెఫరీ ఆ కంపెనీలో చేరి పదేళ్ళయింది. వాచ్‌మన్ లేవగా చూడటం అదే మొదలు.

"గుర్తింపు కార్డు చూపించండి," అన్నాడు వాచ్‌మన్.

"నాదా?"

"ఎవడు పడితే వాడు లోపలికొచ్చేస్తున్నాడట కదా. ఇవాళ్టినుంచి చూసే పంపిస్తాను. ఎవర్ని కలవాలి? ఏం పని? ఇక్కడ రాయండి."

పుస్తకంలో తన పేరు, తన ఆఫీసు పేరు, వచ్చిన పని 'ఉద్యోగం' అని రాసి లోపలికి వెళ్ళేసరికి ఎనిమిది నలభై అయింది. మేనేజర్ గది తలుపు మూసి ఉంది. హాలు నిశ్శబ్దంగా ఉంది. మధ్య బల్ల దగ్గర బిల్లులు చూసే ఆవిడ, ఎదురుగా విడిభాగాల స్టోరు చూసే ఆయన తలెత్తకుండా కాగితాల మీద సంతకాలు పెట్టేస్తున్నారు. ఆ రెండు కుర్చీల మధ్య మామూలుగా ఒక ఫైలు నాలుగు రోజులు తిరుగుతుంది. నెల కిందట చేరిన సేల్స్ కుర్రాడు జుట్టు తడిపి నెత్తికి అంటించేసుకుని గోడ వైపు తిరిగి కూర్చున్నాడు.

ఎడమ పక్క పనిముట్ల బల్ల దగ్గర్నించి మెకానిక్ లేచి వచ్చాడు. అతనికి పెళ్ళై మూడు నెలలైంది.

"రెఫరీ గారూ, నిన్న పదకొండు అంతస్తులు మెట్లెక్కాను. లిఫ్టు ఆగిన చోటికి లిఫ్టులో పోలేం కదా. మీరు కుర్చీలో కూర్చుని నా పెళ్ళి గురించి మాట్లాడతారా?"

"నీ పెళ్ళి గురించి నేనేమన్నాను?"

మెకానిక్ తన ఫోను తీసి వినిపించాడు. తన గొంతే హాలంతా మోగుతుంటే రెఫరీకి కంగారు పుట్టింది. అయితే అది ఎంతోసేపు నిలవలేదు. వింటున్నకొద్దీ, ఇందులో ఒక్క ముక్క కూడా తప్పు లేదే అనిపించసాగింది.

"ఇది మీ గురించి కాదు," అన్నాడు. "పచ్చ చొక్కాల గురించి. బావమరిదికి పంపబోయి ఇక్కడ పడింది."

బిల్లుల ఆవిడ కళ్ళజోడు తీసింది. "మేం తోసుకుంటున్నాం అన్నది ఫుట్‌బాలా?"

"ఫుట్‌బాలేనండీ."

"నమలడం కూడా ఫుట్‌బాలేనా?" అన్నాడు స్టోరు ఆయన. సిగరెట్లు మానేసినప్పటినుంచి మేనేజర్ రోజంతా చూయింగ్ గమ్ నములుతాడన్నది ఆఫీసులో అందరికీ తెలుసు.

"కోచ్ కూడా నములుతాడు. నేనేం చెయ్యను? కావాలంటే మా బావమరిదిని అడగండి." రెఫరీ ఫోను చేసి, అందరికీ వినబడేలా పెట్టాడు. "ఏరా, పొద్దున ముసలాయన్ని ఇంటికి పంపాలన్నాను కదా, ఎవరి గురించో నువ్వే చెప్పు."

బావమరిదికి ఆ మెసేజ్ చేరనే లేదు. పాపం, అతను గుర్తు తెచ్చుకోవడానికి నిజాయితీగా ప్రయత్నించాడు. "ముసలాయనా? మీ మేనేజర్ కదా బావా? మొన్న అక్క పుట్టినరోజు నాడు అన్నావు, ఆయన కదిలితే తప్ప మీ ఆఫీసు కదలదని."

రెఫరీ ఫోను పెట్టేశాడు. మేనేజర్ గది లోపల కుర్చీ కిర్రుమన్న చప్పుడు అందరికీ వినిపించింది.

"ఇంత దూరం వచ్చాక ఒకటే దారి," అంది బిల్లుల ఆవిడ మెత్తగా. "క్షమించండి అని గ్రూపులో రెండు ముక్కలు రాసేయండి. మేం మర్చిపోతాం."

"రాయను."

"ఎందుకు?"

"గ్రూపు తప్పింది గాని మాట తప్పు కాదు. గ్రూపు తప్పినందుకు క్షమించమంటాను. మాట మాత్రం వెనక్కి తీసుకోను. అది పచ్చ చొక్కాలకి కుట్టిన చొక్కా. మీకు సరిపోతే నేను బాధ్యుణ్ణి కాదు."

దాంతో ఉన్న కొద్దిపాటి సానుభూతి కూడా పోయింది. అప్పుడే అందరి ఫోన్లూ ఒకేసారి మోగాయి. కంపెనీ యజమానురాలు ఆ గ్రూపులో నాలుగేళ్ళుగా ఉంది. ఏనాడూ ఒక అక్షరం రాయలేదు. ఇప్పుడు రాసింది: 'విన్నాను. మూడింటికి వస్తున్నాను. అందరూ ఉండండి.'

ఆ తరవాత ఆరు గంటలు ఆ ఆఫీసులో జరిగిన పని అంతకుముందు ఆరు వారాల్లో జరగలేదు. రెఫరీ మాటలు అబద్ధమని నిరూపించాలని ప్రతి ఒక్కరూ పంతం పట్టారు. మెకానిక్ పిలిచిన చోటికల్లా పరుగెత్తాడు, ఒకచోటికి పిలవకముందే వెళ్ళాడు. మధ్య బల్ల మీద ఫైళ్ళు అయిపోయాయి. సేల్స్ కుర్రాడు చేయి జారిన అపార్ట్‌మెంటు వాళ్ళ దగ్గరికి తడి జుట్టుతోనే వెళ్ళి, ఒప్పందం మీద సంతకం పెట్టించుకొచ్చాడు. వాచ్‌మన్ ఇద్దరు సరుకు తెచ్చినవాళ్ళని, ఒక పోస్ట్‌మన్‌ని, బయట భోంచేసి వస్తున్న స్టోరు ఆయన్ని గేటు దగ్గర ఆపాడు. పొద్దున నలభై ఒకటి ఉన్న పెండింగ్ ఫిర్యాదులు మధ్యాహ్నం మూడు గంటలకల్లా మూడే మిగిలాయి. రెఫరీతో మాత్రం ఎవరూ మాట్లాడలేదు. అతను ఫోనెత్తి, పని తేల్చి, ఫోను పెట్టేస్తూ, టిఫిన్ డబ్బా ఒంటరిగా తిన్నాడు. మేనేజర్ గది తలుపు తెరుచుకోలేదు.

యజమానురాలు డెబ్బై దగ్గరపడుతున్న మనిషి. మాట తక్కువ. హాలు మధ్యలో కుర్చీ వేయించుకుని, ఆ మూడు నిమిషాల పన్నెండు సెకన్లూ అందరి ముందూ మొదటినుంచి చివరిదాకా వినిపించింది.

"పోయినేడు బయటినుంచి మనుషుల్ని పిలిపించి ఈ ఆఫీసును పరిశీలించమన్నాను," అంది. "రెండొందల పేజీలు రాశారు. ఇందులో ఉన్నది అందులో లేదు."

మేనేజర్ తన గది గుమ్మంలో నిలబడి ఉన్నాడు. నోట్లో ఏమీ లేదు. "ఆయన చెప్పింది నిజమే మేడమ్," అన్నాడు. "తొమ్మిదేళ్ళుగా అదే పద్ధతి. మార్చాలని అనుకుంటూనే ఉన్నాను. గడియారం కూడా చూసుకుంటాను. నేను తప్పుకుంటాను."

యజమానురాలు రెఫరీ వైపు తిరిగింది. "ఆ కుర్చీ మీరు తీసుకోండి. ఇంత సూటిగా చెప్పగలిగినవాళ్ళు నాకు కావాలి."

ఊఁ అంటే చాలు. పదేళ్ళుగా ఫోనెత్తి పెట్టే చెయ్యి, రేపటినుంచి సంతకాలు పెడుతుంది. రెఫరీ గుమ్మంలో నిలబడ్డ మనిషిని చూశాడు. ఆయన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చొక్కా గుండీ తిప్పుతున్నాడు.

"ఒద్దండి మేడమ్. అది ఈయన గురించి కాదు. నాకు శనివారం మధ్యాహ్నం సెలవు కావాలి, అంతే. నేను తిట్టింది పచ్చ చొక్కాల్ని."

కుర్చీ వదులుకుని మరీ అబద్ధమాడేవాడు ఉండడు కాబట్టి అప్పుడు నమ్మారు. నమ్మాక, చిత్రంగా, అందరి ముఖాలూ కాస్త చిన్నబోయాయి. ఉదయంనుంచి నిలబడే ఉన్న వాచ్‌మన్ నెమ్మదిగా స్టూలు మీద కూర్చున్నాడు.

"అంటే గడియారం కూడా నాది కాదా?" అన్నాడు మేనేజర్.

"కోచ్‌దండీ."

యజమానురాలు మాత్రం నవ్వలేదు. "ఆ కోచ్‌ని ఎంచిన కమిటీలో నేనున్నాను," అంది. "ఎంచమని మొదట చెయ్యెత్తింది నేనే. ఇప్పుడు చెప్పండి."

మెకానిక్ వెనకనుంచి రెఫరీ చొక్కా మెల్లగా లాగాడు. రెఫరీ ఆ చేతిని తీసి పక్కన పెట్టాడు.

"అయితే ఆ చెయ్యి ఎత్తకుండా ఉండాల్సింది మేడమ్. నన్ను ఉద్యోగంలోంచి తీసేసినా శనివారం వెళ్తాను. వెళ్ళి ఇదే మాట అక్కడా అంటాను. అప్పుడు సెలవు కూడా అడగక్కర్లేదు."

ఆవిడ ఫోను మళ్ళీ చేతిలోకి తీసుకుంది. "తప్పు గ్రూపులో పడితేనే ఒక్క పూటలో ముప్ఫై ఎనిమిది ఫిర్యాదులు తీరాయి," అంది. "సరైన గ్రూపులో పడితే ఏమవుతుందో చూద్దాం." కళ్ళజోడు పెట్టుకుని, ఆ మెసేజ్‌ని జట్టు గ్రూపుకు పంపింది. పైన ఒక్క మాట రాయలేదు.

అందరూ ఆవిడ కుర్చీ చుట్టూ మూగారు. మొదటి జవాబు గోల్‌కీపర్‌ది: 'హహ, ఇలాంటి వాచ్‌మన్ మా అపార్ట్‌మెంటులో కూడా ఉన్నాడు మేడమ్.' తరవాత ఎడమ పక్క ఆడేవాడు: 'పెళ్ళయ్యాక అందరూ అంతే, ఆ కుర్రాణ్ణి క్షమించండి.' కొత్తగా తెచ్చిన ఆటగాడు నవ్వే బొమ్మలు తొమ్మిది పెట్టాడు. ఐదు నిమిషాలకు కోచ్ రాశాడు. యజమానురాలు పైకి చదివింది.

"'మేడమ్, మీ ఆఫీసు పరిస్థితి విని చాలా బాధ కలిగింది. అనుభవం మీద చెబుతున్నాను. కింది వాళ్ళను అనుకుని లాభం లేదు. ముందు ఆ ముసలాయన్ని మార్చండి.'"

యజమానురాలు ఫోను బోర్లా పెట్టి, మేనేజర్‌ని మళ్ళీ ఆయన కుర్చీలోకే వెళ్ళి కూర్చోమంది. ఆయన వెళ్ళి సెలవు కాగితం తెచ్చి, రెఫరీ అడగకుండానే సంతకం పెట్టాడు. ఇంకో కాగితం మీద తన సెలవు కూడా రాసుకున్నాడు.

"నేనూ వస్తాను," అన్నాడు. "ఆయన్ని ఒకసారి చూడాలి."

శనివారం ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. మేనేజర్ ఆట చూడలేదు. గీత పక్కన నిలబడి నములుతూ గడియారం చూసుకుంటున్న మనిషినే తొంభై నిమిషాలూ చూశాడు. ఆట సగంలో తన నోట్లోని గమ్ కాగితంలో చుట్టి జేబులో వేసుకున్నాడు. రెఫరీ ఎప్పట్లాగే గొంతు పోయేదాకా అరిచాడు.

పచ్చ చొక్కాలు నాలుగు సున్నాతో ఓడి కింది లీగుకు దిగిపోయాయి. ఆ రోజు ఊళ్ళో ఒక్క లిఫ్టు కూడా ఆగలేదు.