చెలకలో కౌజు పిట్టలు

శ్యాంసుందర్ వేసుకున్న పథకం చిన్నదే. ఆదివారం పొద్దున్నే వర్ధన్నపేట దగ్గరి తన మెట్ట చెలకలో కౌజు పిట్టలు వదలాలి. అవి పది రోజులు పొదల్లో తిరిగి కాస్త అడవి బుద్ధి నేర్చుకున్నాక, వాకింగ్ మిత్రులతో వెళ్లి ఎయిర్‌గన్‌తో వేటాడాలి. అడవి పిట్టను కొడితే కేసవుతుంది కాబట్టి ఇవి ఫారం పిట్టలు. ఖర్చుకు మిత్రులు తలా కొంత వేసుకున్నారు.

హన్మకొండలో ఎరువుల దుకాణం నడిపి విశ్రాంతి తీసుకుంటున్న ఆయనకు మొన్ననే డెబ్బై నిండాయి. కుర్రతనంలో ఎగిరే పిట్టను ఒక్క దెబ్బకు పడగొట్టేవాణ్నని వాకింగ్‌లో రోజూ చెబుతాడు. నిజానికి తండ్రి వెనక సంచి మోశాడంతే. తుపాకీ తన చేతికొచ్చే ఈడుకు వేట మీద నిషేధం వచ్చింది. చేతులు వణకడం మొదలవకముందే ఒక్క పిట్టనైనా కొట్టాలి, అదీ మిత్రుల కళ్ల ముందు. ఈ వయసులో ఆయనకు మిగిలిన కోరిక అదొక్కటే.

పిట్టల పెట్టెలు గురువారమే ఇంటికి రావడంతో చిక్కు మొదలైంది.

"ఏంజేత్తానవయ్యా గీ పిట్టల్ని?" అని అడిగింది భార్య శకుంతల.

"చెలకల ఇడిశిపెడ్దామని," అన్నాడు. అది సగం నిజమే.

శకుంతల కళ్లు చెమర్చాయి. డెబ్బై నిండినందుకు శాంతి పూజ చేయించుకొమ్మని ఆమె పోరుతోంది, ఈయన తప్పించుకు తిరుగుతున్నాడు. "పూజ ఒద్దొద్దనుకుంటనే ఇంత పుణ్యం పని వెట్టుకున్నవా? నాకొక్క మాట జెప్పకపోతివి."

కాదనే ధైర్యం శ్యాంసుందర్‌కు చాలలేదు.

ఆమె చెల్లెలికి ఫోన్ చేసింది. చెల్లెలు భజన బృందానికి చెప్పింది. పక్షుల్ని చెర విడిపించే పుణ్యంలో తమకూ వాటా కావాలని బజారంతా చందాలు పంపింది. నాలుగు పెట్టెల పిట్టలు శనివారానికి డీసీఎం వ్యాను నిండా అయ్యాయి.

ఆదివారం చెలకలో షామియానా, పంతులు, పులిహోర. వాకింగ్ మిత్రుడు సదానందం చెవిలో గొణిగాడు. "అన్నా, మనం వేటకు పైసలిచ్చినం. గీ భజనేంది?"

"జర ఆగు. అందరు పోయినంక పిట్టలు యాడికి పోతయ్? ఈడనే ఉంటయ్."

అంతలో పంతులు నీళ్లచెంబుతో వచ్చాడు. "అనండి, ఈ జన్మలో ఏ పక్షికీ హాని చేయను."

శ్యాంసుందర్ సదానందం వైపు చూశాడు. సదానందం పులిహోర వైపు చూశాడు. ఇక భార్య మొహం చూశాడు. అంత సంతోషం ఆ మొహంలో చూసి ఎన్నేళ్లయిందో. దిగులుగానే అయినా ఒక్క మాటా వదలకుండా అనేశాడు.

పెట్టెలు తెరిచారు. అందరూ తలలెత్తి ఆకాశం వైపు చూశారు. పిట్టలు మాత్రం నేల మీదే నిలబడ్డాయి. పుట్టిన దగ్గర్నుంచి ఫారంలో దాణా తిన్న వాటికి ఎగరాలన్న ఆలోచనే రాలేదు. పంతులు శ్యాంసుందర్ నెత్తిన అక్షింతలు చల్లాడు. గింజలు రాలడం చూసి మందంతా ఉరికొచ్చి ఆయన కాళ్ల చుట్టూ మూగింది.

"ఎంత దయగల్ల మనిషో, పిట్టలు గూడ ఇడిశి పోతలేవు," అంటూ భజన బృందం ఆయనకు దండం పెట్టింది.

జనం వెళ్లాక గట్టు మీద రెండు కుక్కలు కనిపించాయి.

"సందేలకు ఒక్కటి మిగల్దు. మాటిచ్చినంక మనమే కాపాడాలె. ఇంటికి తీస్కపోదాం పా," అంది శకుంతల. డీసీఎం మళ్లీ నిండింది.

ఇప్పుడు హన్మకొండలో వాళ్ల డాబా మీద పిట్టలకు రేకుల షెడ్డు ఉంది. దాణాకు చందాలు ఇంకా వస్తున్నాయి. పిల్లుల బాధ పడలేక శకుంతలే ఎయిర్‌గన్ తెచ్చి భర్త చేతికిచ్చింది. "పిల్లిని కొట్టకు. గోడ మీద ఖాళీ డబ్బా వెట్టిన, దాన్ని కొట్టు. సప్పుడుకు అవే పోతయ్."

రోజూ సాయంత్రం వాకింగ్ మిత్రులు చాయ్ తాగుతూ చూస్తుండగా శ్యాంసుందర్ గురి పెట్టి కాలుస్తాడు. పిల్లులు ఈమధ్య ఆ డబ్బా పక్కనే కూర్చుంటున్నాయి, అక్కడైతే ఏ భయమూ లేదని.