రంగు రాని రాక్షసుడు

ఆ ఆదివారం తలంటుకుని, మటన్ కూర తిని, సాయంత్రం దాకా ముసుగుతన్ని పడుకోవాలని రామ్‌చందర్ అనుకున్నాడు. నెత్తికి నూనె పెట్టుకుంటుండగా కిరాణా కొట్టు గుండయ్య సేఠ్ గుమ్మంలోకి వచ్చాడు.

"రామ్‌చందర్, నీ సీరియల్ దొరికింది! మల్లన్న వీడియో దుకాణంల కాసెట్ ఉన్నదట. ఇయ్యాల మా వాకిట్ల అందరం సూస్తం."

రామ్‌చందర్‌కు పట్టరాని సంతోషమైంది. కువైట్‌లో వెల్డింగ్ పని చేసి వచ్చిన అతనికి శాలిబండ గల్లీలో పేరొచ్చింది వెల్డింగ్ వల్ల కాదు. అక్కడి క్యాంపులో వారం వారం చూసిన ఒక ఇంగ్లీషు సీరియల్ కథను, వేరే గ్రహం నుంచి దిగిన రాక్షసుడి కథను, ఏళ్ళుగా సేఠ్ అరుగు మీద చెబుతూ రావడం వల్ల. క్యాంపులో ఉన్నది చిన్న బ్లాక్ అండ్ వైట్ టీవీ. జనం వెనక, కిటికీ దగ్గర నిలబడి చూసేవాడు కనుక మాటలు వినబడేవి కావు, వినబడినా ఇంగ్లీషు. అందుకని మాటలూ రంగులూ, అవసరమైన చోట రాక్షసుడికి చుట్టాలనూ తనే సమకూర్చాడు. అందులో చూసిందెంతో, సమకూర్చిందెంతో ఇప్పుడు అతనికే తెలియదు.

"కలర్ ఉంటదా మరి?" అన్నాడు సేఠ్.

"మస్తు కలర్! రాక్షసుని తొమ్మిది తలలు ఆకుపచ్చగ మెరుస్తయ్. ఫికరే వద్దు." క్యాంపు టీవీలో కనబడని రంగు కలర్ టీవీలో కనబడుతుందని అతని నమ్మకం.

ఆ మాట మీద గుండయ్య పెద్ద కలర్ టీవీ కిరాయికి తెప్పించాడు. కలర్ టీవీ అని తెలిసి మొఘల్‌పురా నుంచి చుట్టాలు దిగారు. చుట్టాలకు ఎండ తగలకూడదని షామియానా వేశారు. షామియానా చూసి పెళ్ళనుకుని దారినపోయేవాళ్ళు కూడా వచ్చి కూర్చున్నారు. వాళ్ళకూ చాయ్ ఇచ్చారు.

కాసెట్ పెడితే బొమ్మ నలుపూ తెలుపుగా వచ్చింది.

"ఏంది గిది? టీవీ ఖరాబైందా?" అన్నాడు గుండయ్య. ఉన్న మీటలన్నీ తిప్పేసరికి బొమ్మ కిందికి జారడం మొదలుపెట్టింది. మొఘల్‌పురా చుట్టమొకాయన మేడెక్కి యాంటెన్నా తిప్పసాగాడు. కాసెట్‌కు దానితో పనిలేదని ఆయనకు ఎవరూ చెప్పలేదు. కబురందుకుని మల్లన్న వచ్చి, ఏదో సినిమా కాసెట్ పెట్టి చూశాడు. హీరోయిన్ చీర ఎర్రగా భగ్గుమంది. మళ్ళీ సీరియల్ పెడితే మళ్ళీ బూడిద రంగే.

"టీవీ మంచిగనే ఉన్నది సేఠ్. కాసెట్‌లనే కలర్ లేదు."

అందరూ రామ్‌చందర్ వైపు తిరిగారు. అతని భార్య కమల కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అంతలో రాక్షసుడు రానే వచ్చాడు. తొమ్మిది తలలు లేవు. రగ్గు కప్పుకున్న సన్నటి మనిషి, నెత్తిన టార్చిలైటు. కుర్చీలో కూర్చుని చాలాసేపు ఇంగ్లీషులో మాట్లాడాడు. తర్వాత ఇంకొకడు వచ్చి, వాడూ కూర్చుని మాట్లాడాడు.

"వీని చెల్లె ఏది?" అంది సేఠ్ భార్య వాసవాంబ. రామ్‌చందర్ కథలో హీరోకు రాఖీ కట్టి, అన్నకూ హీరోకూ మధ్య నలిగి ప్రాణం విడిచిన ఆ చెల్లెలి కోసం ఆమె ఎన్నోసార్లు ఏడ్చింది. కాసెట్ అయిపోయింది కానీ చెల్లెలు రాలేదు.

రేపటి నుంచి ఆ అరుగు మీద తన మాట ఎవరు వింటారని రామ్‌చందర్‌కు దిగులు ముంచుకొచ్చింది.

వాసవాంబ లేచింది. "ఎవర్ని మోసం చేద్దామనుకున్నవ్?"

రామ్‌చందర్ కళ్ళు మూసుకున్నాడు. తెరిచి చూస్తే ఆమె మల్లన్న ముందు నిలబడి ఉంది.

"రంగు లేదు, చెల్లె లేదు, తొమ్మిది తలల్ల ఎనిమిది లేవు! డూప్లికేట్ మాల్ తెచ్చి మాకంటగడ్తవా?"

"అమ్మా, నాకిచ్చిందే గిది..." అని నసిగాడు మల్లన్న.

"మల్లన్న తప్పేం లేదమ్మా. కాసెట్ అసల్దే," అన్నాడు రామ్‌చందర్, మనసు ఊరుకోక.

"సూసిండ్రా, ఎంత మంచోడో!" అన్నాడు గుండయ్య. "పక్కోని పొట్ట కొట్టొద్దని అబద్ధమాడుతుండు."

సౌండు బంద్ చేసి, కాసెట్ మొదటికి తిప్పి, రామ్‌చందర్‌ను టీవీ పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టారు. అతను గొంతు సవరించుకుని, ఆకుపచ్చ దగ్గర మొదలుపెట్టాడు. కథ రాఖీ దగ్గరికి వచ్చేసరికి పెళ్ళికని వచ్చినవాళ్ళు కూడా కళ్ళొత్తుకున్నారు.

అందరికంటే గట్టిగా ఏడ్చిన మల్లన్న, ఇక మీదట అసలు మాలే తెస్తానని వాసవాంబకు మాటిచ్చాడు.